కొత్తగా వేయించిన చెక్క డెక్ పగుళ్లిస్తే ఏం చేయాలి

మాది నెల్లూరు, మార్చిలో మేడ మీద పైన్ చెక్కతో డెక్, అంటే ఆరుబయట పలకలు పరిచి చేసే నేల, వేయించాం, రోహిణీ కార్తె వచ్చేసరికి పలకల చివర్లన్నీ సన్నగా నెర్రెలిచ్చేశాయి, మా ఆవిడైతే బూడిదలో పోసిన పన్నీరేనని ఒకటే గోల. కంగారు పడబాకండి. చెక్క పైన తొందరగా ఆరి లోపల తేమ అట్నే ఉంటే పైపొర బిగుసుకుని పగులుద్ది, అంతే.

ముందు పాత ఏటీఎం కార్డు అంచు పగులులో పెట్టి చూడండి. కొంచెం దిగి ఆగిపోతే వదిలేయొచ్చు, ఒట్టికాళ్లతో నడిచేచోట పేడు లేస్తే మాత్రం 80 నంబర్ ఎమరీ పేపర్‌తో రుద్ది డెక్ ఆయిల్ పట్టించండి, అదీ సాయంత్రం పూట, మిట్టమధ్యాహ్నం కాలే చెక్క మీద పూస్తే సరిగ్గా ఇంకక జిగట జిగటగా ఉండిపోద్ది. కోసిన చివర్లకి రెండు మూడు కోట్లు వేయండి, చెక్క నీళ్లు ఎక్కువగా తాగేదీ వదిలేదీ అక్కడే. లప్పం మాత్రం పెట్టబాకండి, చెక్క ఉబ్బి తగ్గేటప్పుడు ఊడొచ్చేద్ది, మేం పెట్టి చూశాంగా.

పగులు స్క్రూ దగ్గర మొదలైతే తప్పు బిగించినోళ్లది. స్క్రూ తీసి, కొంచెం పక్కన ముందు డ్రిల్లుతో బెజ్జం వేసి మళ్లీ బిగించాలి, మైపాడు, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికైతే తొందరగా తుప్పు పట్టని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడండి. పలక పైనుంచి కిందికంటా చీలి కాలేస్తే ఊగుతుంటే ఇంక ఆయిలూ గీయిలూ కాదు, ఆ పలక మార్పించేయండి.