ఐదారేళ్ల పిల్లలకు నిష్పత్తిని ఎలా పరిచయం చేయాలి?

నిష్పత్తి, అనుపాతం పాఠం ఆరో తరగతికి గాని రాదు కనుక అంతకు ముందు అది పిల్లలకు అందదని చాలామంది అనుకుంటారు. పిల్లల ఆలోచనపై పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే సైతం ఆ తరహా ఆలోచన పదకొండు, పన్నెండేళ్లకు గాని కుదురుకోదన్నాడు. అయితే అంకెల జోలికి పోకుండా కంటితో పోల్చమంటే ఆరేళ్ల పిల్లలు కూడా చాలావరకు సరిగానే చెబుతారు.

తెల్ల చార్టు నుంచి ఒకే వెడల్పుతో 24 సెం.మీ. పట్టీ ఒకటి, 12 సెం.మీ. పట్టీలు రెండు కత్తిరించండి. పొడవాటి దానికి అడుగు నుంచి 6 సెం.మీ., పొట్టివాటిలో ఒకదానికి 3, మరొకదానికి 6 సెం.మీ. మేర రెండు వైపులా ఎర్రరంగు వేయండి. రంగు ఎరుపే కావాలి. పట్టీలను గ్లాసులనుకోమని, ఎరుపు రోజ్ సిరప్, తెలుపు నీళ్లు అని చెప్పి, పెద్ద గ్లాసు షర్బతు రుచి ఏ చిన్న గ్లాసుకు వస్తుందో అడగండి. రెండో పొట్టి పట్టీలో ఎరుపు సరిగ్గా సగం కాబట్టి పిల్లలు దాన్ని వెంటనే పక్కన పెడతారు. ఈ వయసులో పోలికకు సగమే ఆధారమని పరిశోధకులు స్పినిల్లో, బ్రయంట్ 1991లోనే చూపించారు. తరువాత సగం ఆసరా లేకుండా 4, 2, 4 సెం.మీ. ఎరుపుతో మరో జత చేసి అడగండి.

చపాతీ ముక్కలతో నేర్పేవారున్నారు. నేను ఒప్పుకోను, ముక్కలు కనబడగానే పిల్లవాడు లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మొదటి జత పట్టీలకు ఒక వైపు మాత్రమే సెంటీమీటరుకొక గీత గీసి అదే ప్రశ్న అడిగితే, నిన్న సరిగా చెప్పిన పిల్లే ఆరు ఎర్ర గళ్లు లెక్కపెట్టి, ఆరు ఎర్ర గళ్లున్న పొట్టి పట్టీని చూపిస్తుంది. కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో తరగతి వరకు పిల్లల్లో ఇదే తీరును బోయర్, లెవిన్, హటెన్‌లోచర్ 2008లో గమనించారు. ఇది తెలివితక్కువతనం కాదు, కష్టపడి నేర్చుకున్న లెక్క అడ్డుపడడం. ఈ దశలో పెద్దలు చేసే పాడుపని ఒకటే: "తప్పు, మళ్లీ లెక్కపెట్టు" అనడం. అలా అంటే బిడ్డ మరింత జాగ్రత్తగా లెక్కపెట్టి మళ్లీ అదే పట్టీ చూపిస్తుంది.

ఏమీ అనకుండా పట్టీలను గీతలు లేని వైపుకు తిప్పి అదే ప్రశ్న అడగండి, జవాబు వచ్చాక మళ్లీ గీతల వైపుకు తిప్పి "ఇప్పుడేమంటావు?" అని ఊరుకోండి. రెండు జవాబులు పొసగడం లేదని పిల్లకు తానుగా తట్టాలి. అందుకు వారం పట్టినా తొందరపెట్టకూడదు, మధ్యలో 1:3 వంటి మాటలు ఎత్తకూడదు.

అది తట్టాకే చెంచాలు తీయండి. ఒక చెంచా సిరప్‌కు మూడు చెంచాల నీళ్లు ఒక గ్లాసులో, రెండుకు ఆరు మరో గ్లాసులో, ఆరుకు ఆరు మూడోదానిలో కలిపి నాలుకతో తేల్చుకోనివ్వండి. మూడోది మాత్రం ఒక చెంచాకు మించి తాగనివ్వకండి.