గురి కుదిరినా బంతి ఎందుకు పడట్లేదు?

స్నూకర్‌లో పాట్ (బంతిని పాకెట్‌లో వేసే షాట్) తప్పగానే మనం ముందు గురినే అనుమానిస్తాం. తర్వాతి షాట్‌కి గురి కాస్త పక్కకు జరుపుతాం. ఒక్కోసారి పడుతుంది కూడా. కానీ తప్పు క్యూ (కొట్టే కర్ర) కదలికలో ఉంటే ఆ సర్దుబాటు ఇంకో తప్పును అలవాటు చేస్తుంది. నేను నెలల తరబడి అలాగే ఆడాను. అందుకే ముందు ఈ పరీక్ష చేయండి.

రంగు బంతులు పెట్టే గుర్తులు (స్పాట్లు) బల్ల మధ్యగా ఒకే వరసలో ఉంటాయి. తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ మీద పెట్టి, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్ల మీదుగా ఎదుటి కుషన్‌కి (బల్ల అంచుకి) కొట్టండి. తిరిగొచ్చేంత వేగం చాలు. కొట్టాక క్యూని అక్కడే ఆపి ఉంచండి. బంతి వచ్చి టిప్‌కే (క్యూ కొసకే) తగలాలి.

స్పాట్ల మీదుగానే వెళ్లి, వచ్చేటప్పుడు పక్కకు పోతోందా?

టిప్ బంతి మధ్యలో తగలట్లేదు, తెలియకుండా సైడ్ (పక్కకు తిప్పే స్పిన్) పడుతోంది. కుడికి పోతే మధ్యకు కుడివైపున తగిలినట్టు, ఎడమకి పోతే ఎడమవైపున. ఎక్కువగా దీనికి కారణం గ్రిప్. క్యూ వెనక్కి లాగేటప్పుడు మీ చేతిని గమనించండి: చిటికెన వేలు, ఉంగరపు వేలు కాస్త తెరుచుకోవాలి. పిడికిలి బిగిసే ఉంటే క్యూ వెనక భాగం పైకి లేస్తుంది, ముందుకొచ్చేటప్పుడు పక్కకు తిరుగుతుంది. క్యూ జారిపోకుండా ఉంటే చాలు, అంతకు మించి బిగించొద్దు.

వెళ్లేటప్పుడే స్పాట్లు తప్పుతోందా?

వంగాక గురి సర్దుకుంటున్నారన్నమాట. నిలబడి ఉండగానే షాట్ వెళ్లాల్సిన గీత చూసుకోండి, కుడిచేతి వాటమైతే కుడి పాదం ఆ గీత మీద పెట్టి నేరుగా వంగండి. వంగాక తేడా అనిపిస్తే లేచి మళ్లీ మొదలుపెట్టండి. ఇది విసుగే, కానీ నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

మెల్లగా కొడితే పడి, గట్టిగా కొడితే తప్పుతోందా?

తల లేస్తోంది, లేదా క్యూని ఒక్కసారిగా లాగి కొడుతున్నారు. వెనక్కి నిదానంగా లాగి, ఒక్క క్షణం ఆగి కొట్టండి. బంతి పాకెట్‌లో పడేదాకా గడ్డం క్యూ మీదే ఉంచండి.

పరీక్ష నెగ్గారు, అయినా కట్ షాట్లు (రంగు బంతిని కోణంలో పంపేవి) థిక్‌గా (కావాల్సిన దానికంటే నిండుగా) తగులుతున్నాయా?

ఇప్పుడు గురి సంగతి చూడాలి. బంతులు ఒకదానికొకటి తగలాల్సిన చోటును చూసి తెల్ల బంతి మధ్యభాగాన్ని అటే పంపుతున్నారు. కానీ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లు. దాని అంచు ముందే తగిలేస్తుంది. పాకెట్ నుంచి రంగు బంతి మధ్యగా ఒక గీత ఊహించుకుని, ఆ గీత మీదే రంగు బంతి వెనక ఇంకో బంతిని ఆనించి పెట్టండి. తెల్ల బంతి చేరాల్సింది అక్కడికి. నాలుగైదుసార్లు చూసి, దాన్ని తీసేసి కొట్టండి. హాఫ్ బాల్‌తో మొదలుపెడితే మేలు: తెల్ల బంతి మధ్యను రంగు బంతి అంచుకి గురిపెడితే రంగు బంతి సుమారు 30 డిగ్రీల కోణంలో వెళ్తుంది. క్యూ ముందుకు కదిలే ముందు చివరి చూపు రంగు బంతి మీదే ఉండాలి.

ఒక పక్క కట్‌లే తప్పుతున్నాయా?

క్యూ మీ బలమైన కంటి కింద లేదేమో చూడండి. 1927లో తొలి ప్రపంచ ఛాంపియన్ అయిన జో డేవిస్‌కి కుడి కంటి చూపు తక్కువ, క్యూని ఎడమ కంటి కిందే ఉంచి ఆడేవాడు. గడ్డం మధ్యలోనే ఆనాలని నియమమేమీ లేదు, రెండు పక్కలా జరిపి చూసి గీత తిన్నగా కనిపించే చోట ఉంచండి.