నర్సింగ్, ఫార్మసీ స్టూడెంట్స్‌కి సైన్స్ క్లాస్‌ని ఒక్క ప్రశ్నతో నడిపించడం ఎలా

ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ లాంటివి హెల్త్ కోర్సుల పిల్లలకి చెప్పేవాళ్ళ కోసం ఇది. గంటసేపు మనం చెప్పుకుంటూ పోతే వాళ్ళు రాసుకుంటారు, ఎగ్జామ్‌లో అదే దించేస్తారు, తీరా వార్డులో పేషెంట్ ముందు నిలబడ్డాక ఒక్క ముక్క గుర్తురాదు. సిలబస్ అంతా తిరగరాయక్కర్లేదండి, ఒక క్లాస్‌లో ఒక మంచి ప్రశ్నతో మొదలుపెట్టండి చాలు.

ప్రశ్న అంటే డెఫినిషన్ అడగడం కాదు. ఆస్మాసిస్ (పల్చటి పొర గుండా నీళ్ళు గాఢత ఎక్కువున్న వైపుకి పోవడం) చెప్పాలనుకోండి, "5% డెక్స్‌ట్రోస్, అంటే గ్లూకోజ్ ద్రావణం, బాటిల్‌లో ఉన్నప్పుడు దాదాపు ఐసోటోనిక్కే, అంటే రక్తంతో సమానమైన గాఢతే కదా, మరి మెదడు వాచిన పేషెంట్‌కి అది ఎందుకు పెట్టకూడదంటారు?" అని అడిగి మూడు నాలుగు ఆప్షన్లు బోర్డు మీద రాయండి. తప్పు ఆప్షన్లు కూడా పిల్లలు నిజంగా పొరబడేవే ఉండాలి, అసలు కష్టం అక్కడే ఉంది, నాకైతే ఒక్కో ప్రశ్నకి అరగంట పడుతుంది.

ముందు ఒక నిమిషం ఎవరితోనూ మాట్లాడకుండా ఎవరికి వాళ్ళు ఆలోచించుకోవాలి. తర్వాత వేళ్ళతో ఓటు, చెయ్యి గుండెకి ఆనించి చూపించమనండి, పక్కోడిది చూసి మార్చుకోకుండా ఉంటారు. 30 నుంచి 70 శాతం మంది కరెక్ట్ అయితే ఆన్సర్ చెప్పకండి, వేరే ఆన్సర్ పెట్టినవాళ్ళని వెతుక్కుని మూడు నిమిషాలు వాదించుకోమని మళ్ళీ ఓటేయించండి. 30 కంటే తక్కువైతే ముందు మీరు కొంచెం వివరించాలి, 70 దాటితే రెండు మాటలు చెప్పి ముందుకెళ్ళిపోండి. హార్వర్డ్‌లో ఎరిక్ మాజర్ ఫిజిక్స్ క్లాసుల్లో 1990ల నుంచి నడిపిన పద్ధతి ఇదే.

మొదట్లో నేను ఆ నిశ్శబ్దం భరించలేక ఆన్సర్ నేనే చెప్పేసేదాన్ని, దాంతో పిల్లలు ఆలోచించడం మానేసి నా నోటివైపే చూస్తూ కూర్చునేవాళ్ళు. ఇప్పుడు మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటూ ఆగుతున్నా. ఒకసారి ఒకమ్మాయి వాదనలో పక్కమ్మాయితో "గ్లూకోజ్‌ని కణాలు వాడేసుకుంటే ఇంక మిగిలేది నీళ్ళేగా, ఆ నీళ్ళు మెదడు కణాల్లోకి పోవా?" అంది, నేను ఇరవై నిమిషాలు చెప్పినా అంత బాగా దిగేది కాదు.

పీబీఎల్ (ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్, అంటే ఒక సమస్య ఇచ్చి గ్రూపుల్లో నేర్చుకోమనడం) కూడా మంచిదే, కెనడాలోని మెక్‌మాస్టర్ మెడికల్ స్కూల్‌లో 1969లో మొదలైంది, కానీ దానికి చిన్న గ్రూపులు, గ్రూపుకో ట్యూటర్ కావాలి, వందమందికి మీరొక్కరే ఉంటే దాని జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

పిల్లలు "మేడమ్ ఏం చెప్పట్లేదు" అంటారు, దానికి రెడీగా ఉండండి. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో చూస్తే, ఇలా నేర్చుకున్నవాళ్ళకి టెస్టులో మార్కులు ఎక్కువొచ్చినా తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. మొదటి వారంలోనే ఈ సంగతి వాళ్ళకి చెప్పేయండి. తోటి లెక్చరర్లు అడిగితే, 225 స్టడీలు కలిపి చూసిన 2014 రివ్యూ ఉంది, ఉత్త లెక్చర్ క్లాసుల్లో ఫెయిలయ్యే అవకాశం ఒకటిన్నర రెట్లు అని తేలింది.

ఇంకోటి, ఎగ్జామ్ పేపర్‌లో ఇలాంటి ప్రశ్న కనీసం ఒకటైనా పెట్టండి. క్లాస్‌లో ఆలోచించమని ఎగ్జామ్‌లో డెఫినిషన్లు అడిగితే రెండో నెలకే ఓటేయడానికి చెయ్యెత్తరు.