మూలన పడ్డ వీడర్ ఇంజిన్ – మూడో పాఠం: కార్బొరేటర్ విప్పుదాం

పోయిన పాఠంలో ప్లగ్గు విప్పి చూశాం, గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య పెట్టాం, తాడు లాగి స్పార్కు పరీక్షించాం. స్పార్కు నీలంగా, గట్టిగా వస్తోంది, అయినా ఇంజిన్ అందుకోవడం లేదంటే ఇవాళ్టి పాఠం మీకోసమే. స్పార్కే రాకపోతే మాత్రం కార్బొరేటర్ (పెట్రోలును గాలిలో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు బండిని సమంగా నిలబెట్టి ఆయిల్ చూడండి. ఆయిల్ అలర్ట్ (ఆయిల్ తగ్గితే ఇంజిన్‌ను ఆపేసే ఏర్పాటు) ఉన్న ఇంజిన్లలో ఆయిల్ తగ్గినా, బండి బాగా ఒరిగి ఉన్నా స్పార్కు ఆగిపోతుంది. దీన్ని స్పార్కు పుట్టించే కాయిల్ పోయిందనుకుని డబ్బు తగలేసేవాళ్లు చాలామంది.

మనం నేర్చుకుంటున్నది హోండా జీఎక్స్200 మీద. 196 సీసీ, ఫోర్ స్ట్రోక్. వీడర్లలో, చిన్న నీటి పంపుల్లో కనిపించే వేరే కంపెనీల ఇంజిన్లు కూడా చాలావరకు ఇదే నమూనాలో ఉంటాయి. నట్ల సైజులు కొంచెం అటూ ఇటూ అయినా పని ఒకటే.

పత్తిలో గుంటక పని అయిపోగానే వీడర్‌ను కొట్టంలో పెడతాం. మళ్లీ బయటికి తీసేది వచ్చే వానాకాలానికే. ఈ లోగా కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు మెల్లగా ఆవిరవుతుంది. తేలికైన భాగం ముందు పోతుంది, చివరికి బంకలాంటి మడ్డి మిగులుతుంది. ఆ మడ్డి వెళ్లి ఇరుక్కునేది జెట్టు (పెట్రోలును కొలతగా వదిలే చిన్న ఇత్తడి లేదా ప్లాస్టిక్ ముక్క) రంధ్రంలోనే. దీనికి తోడు ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని విడిపోయి అడుక్కి దిగుతుంది. గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది తేమ పని. పాత ఇంజిన్ల మాన్యువల్‌లో 10 శాతం ఇథనాల్ వరకే పరవాలేదని రాసి ఉంటుంది, కాబట్టి పాత బండి ఉన్నవాళ్లు పెట్రోలు నిల్వ పెట్టే విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

పని ఆరుబయట, నీడలో చేయండి. దగ్గర్లో బీడీ, పొయ్యి, స్విచ్చు ఏదీ వద్దు. ప్లగ్గు క్యాప్ పీకి పక్కకు పెట్టండి. ట్యాంకులోని పాత పెట్రోలు మొత్తం డబ్బాలోకి తీసేయండి. పుల్లటి వాసన వస్తుంటే దాన్ని కొత్త పెట్రోల్లో కలిపి వాడదామన్న ఆశ వదిలేయండి.

పెట్రోలు ట్యాపు మూసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయండి. కార్బొరేటర్‌ను పట్టి ఉంచేది రెండు పొడుగాటి బోల్టులు. వాటి మీది నట్లు 10 నంబరు పానాకు వస్తాయి. లాగే ముందు గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని అదుపులో ఉంచే అమరిక) కడ్డీ, దాని పక్కన సన్నటి స్ప్రింగు ఏ రంధ్రంలో ఉన్నాయో ఫోనులో ఫొటో తీసుకోండి. అవి తప్పు రంధ్రంలోకి వెళ్తే ఇంజిన్ వేగం అదుపు తప్పుతుంది, అది ప్రమాదం. ప్యాకింగులు ఏ వరసలో ఉన్నాయో కూడా చూసి పెట్టుకోండి. ఇన్సులేటర్ ముక్కకు అటూ ఇటూ ఒక్కో ప్యాకింగు ఉంటుంది. చిరిగితే కొత్తది వేయాలి, లేకపోతే పక్కనుంచి గాలి లాగి ఇవాళ్టి శ్రమంతా వృథా అవుతుంది.

గిన్నె అడుగు బోల్టు విప్పితే గిన్నె చేతికొస్తుంది. లోపల ఫ్లోట్, అంటే పెట్రోలు మీద తేలే బుడ్డి, ఉంటుంది. దాని పిన్ను పక్కకు నెట్టి ఫ్లోట్‌ను, దానికి వేలాడే సూదిని (గిన్నె నిండగానే పెట్రోలు దారి మూసేది) కలిపి తీయండి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూడండి. లోపల పెట్రోలు చప్పుడైతే అది పనికిరాదు. సూది కొన మీద గాడి పడిందేమో వెలుతుర్లో చూడండి.

మధ్యలో నిలబడ్డ ఇత్తడి గొట్టంలో ఉండేది మెయిన్ జెట్టు. సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పాలి. ఇత్తడి మెత్తన, గాడి పాడైతే తర్వాత తీయడం కష్టం. జెట్టు తీసి కార్బొరేటర్‌ను తిప్పి తడితే, పక్కలంతా చిన్న చిన్న రంధ్రాలున్న నాజిల్ కిందికి జారుతుంది. దాన్నీ శుభ్రం చేయాలి.

అసలు దొంగ సాధారణంగా పైలట్ జెట్టు, అంటే బరువు లేనప్పుడు పెట్రోలు అందించే చిన్న జెట్టు. అది గిన్నెలో ఉండదు, అందుకే చాలామంది దాన్ని చూడకుండానే కార్బొరేటర్ బిగించేస్తారు. కార్బొరేటర్ పైన, ఐడ్లింగ్ (బరువు లేనప్పటి తక్కువ వేగం) సరిచేసే స్క్రూ కింద దాగి ఉంటుంది. ఆ స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుని తీసేయండి. కింద ప్లాస్టిక్ తలతో చిన్న జెట్టు కనిపిస్తుంది. దాన్ని నిదానంగా పైకి లేపండి. రబ్బరు రింగు పట్టి ఉంటుంది కనుక బలం పెట్టి పెకలించవద్దు.

జెట్టును ఎండకు పట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. కనిపించకపోతే కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి కాసేపు వదిలి, బ్రేకు వైరులోంచి తీసిన ఒక్క పోగుతో మెల్లగా పొడవండి. గుండుసూది, డ్రిల్లు బిట్టు వాడవద్దు. రంధ్రం కాస్త పెద్దదైతే ఆ ఇంజిన్ ఇక ఎప్పుడూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. తర్వాత కార్బొరేటర్ లోపలి దారులన్నిటిలోకి గాలి కొట్టండి. పంచరు షాపు కంప్రెసర్ చాలు, కళ్లు మాత్రం కాపాడుకోండి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలను క్లీనర్‌లో నానబెట్టవద్దు.

తిరిగి బిగించేముందు సూది పరీక్ష. ఫ్లోట్ పెట్టి, కార్బొరేటర్‌ను తలకిందులు చేసి, పెట్రోలు వచ్చే చోట రబ్బరు పైపు తగిలించి ఊదండి. గాలి ఆగిపోవాలి. నిటారుగా పెడితే గాలి పోవాలి. తలకిందుల్లోనూ గాలి పోతుంటే సూది మార్చండి, లేకపోతే పెట్రోలు పొంగి సిలిండర్‌లోకి, అక్కణ్నుంచి ఆయిల్లోకి దిగుతుంది.

బిగించాక కొత్త పెట్రోలు పోయండి. ఇది ఫోర్ స్ట్రోక్, పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు. ట్యాపు తెరిచి, గిన్నె నిండేదాకా అర నిమిషం ఆగండి. ఎక్కడా కారడం లేదని చూసుకున్నాక ప్లగ్గు క్యాప్ పెట్టి, చోక్ వేయండి. తాడును బిగువు తగిలేదాకా నెమ్మదిగా లాగి, అక్కణ్నుంచి ఒక్క ఊపున లాగండి.

స్టార్టయ్యాక చెవి పెట్టి వినండి. చోక్ తీయగానే ఆగిపోతోందా? పెట్రోలు చాలడం లేదు, పైలట్ జెట్టు ఇంకా మూసుకునే ఉంది. ఊ-ఊ అని పెరుగుతూ తగ్గుతూ ఊగుతోందా? బరువు లేనప్పుడు గవర్నర్ థ్రాటిల్‌ను (ఇంజిన్‌లోకి వెళ్లే దారిలోని తలుపును) దాదాపు మూసేస్తుంది, అప్పుడు ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా అందేది పైలట్ దారిలోనే. అది చాలక వేగం పడిపోతే గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, వేగం పెరిగాక మళ్లీ మూస్తుంది. చాలామంది గవర్నర్ స్ప్రింగును వంచి దీన్ని సరిచేయాలని చూస్తారు. స్ప్రింగును ముట్టుకోకండి, జెట్టు మళ్లీ తీయండి. బాగా నడుస్తూ దున్నేటప్పుడు మాత్రం నీరసిస్తే అనుమానం మెయిన్ జెట్టు మీద.

సవ్యంగా నడిస్తే కొద్ది నిమిషాలు వేడెక్కనిచ్చి ఆపి, వేడిగా ఉండగానే పాత ఆయిల్ దించేయండి. కొత్తది 10డబ్ల్యూ-30, సుమారు 0.6 లీటరు. డిప్‌స్టిక్‌ను లోపలికి తిప్పి బిగించకుండా, ఊరికే ఆనించి తీసి చూడాలి. ఇంజిన్‌ను ఎప్పుడు ఒరిగించినా ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండేలా ఒరిగించండి.

వచ్చే పాఠంలో వాల్వు గ్యాప్ చూద్దాం: ఇన్లెట్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మి.మీ. ఇంజిన్ పూర్తిగా చల్లారాక చేసే పని. అందుకు ఫీలర్ గేజ్ ఒకటి, ట్యాపెట్ కవర్ ప్యాకింగు ఒకటి తెచ్చి పెట్టుకోండి.