ఊపిరితిత్తుల క్యాన్సర్: స్క్రీనింగ్‌లో, వార్డులో నర్సు పని

నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు మన దేశంలో ప్రభుత్వ స్క్రీనింగ్ (లక్షణాలు లేనివారిలో ముందే వెతికే పరీక్ష) ఉంది, ఊపిరితిత్తులకు లేదు. కాబట్టి విశాఖ ఛాతీ ఆసుపత్రిలోనైనా, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనైనా లో డోస్ సీటీ (తక్కువ రేడియేషన్‌తో తీసే స్కాన్) ఎవరికి పనికొస్తుందో మొదట పట్టుకోగలిగేది కేస్ షీట్ రాసే సిస్టరే. అమెరికా ప్రివెంటివ్ టాస్క్‌ఫోర్స్ 2021లో ఇచ్చిన కొలత ఇది: వయసు 50–80, కనీసం 20 ప్యాక్ ఇయర్లు, ఇప్పటికీ కాలుస్తుండాలి లేదా మానేసి 15 ఏళ్లు దాటి ఉండకూడదు.

రోజుకు కాల్చే సిగరెట్లను 20తో భాగించి, ఏళ్లతో గుణిస్తే ప్యాక్ ఇయర్లు. తప్పు జరిగేదీ ఇక్కడే. మన కిళ్లీ కొట్లో పెట్టె అంటే చాలాసార్లు పదే. "రోజుకో పెట్టె, 30 ఏళ్లుగా" అంటే 30 రాసేస్తారు, నిజానికి 15. అందుకే పెట్టెలు కాదు, సిగరెట్లు అడగండి. అలవాటు మారితే విడివిడిగా లెక్కకట్టండి: రోజుకు 10 చొప్పున 20 ఏళ్లు, తర్వాత 20 చొప్పున 12 ఏళ్లు అయితే 10, 12 కలిపి 22. బీడీలు, చుట్టలు ఇందులో కలపకుండా రోజుకెన్ని, ఎన్నేళ్లు అన్నది పక్కన రాయండి.

ఆడవాళ్లను "సిగరెట్ తాగుతారా?" అంటే లేదంటారు, అది నిజమే. కానీ ఉత్తరాంధ్ర తీరపు పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటుంది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. "అమ్మా, చుట్ట కాలుస్తావా? నిప్పు లోపలికా, బయటికా?" అని కొడుకూ కోడలూ పక్కన లేనప్పుడు అడగాలి. ఔనంటే టార్చి వేసి అంగిలి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మానని పుండు ఉంటే నోటి పరీక్షకు పంపండి.

దగ్గులో రక్తం, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం ఉన్నవారిది స్క్రీనింగ్ కేసు కాదు, వెంటనే పూర్తి పరీక్షలకు వెళ్లాలి. కళ్లె పరీక్ష నెగటివ్ వచ్చినా టీబీ మందులతోనే నెలలు గడిపేయడం వల్ల జబ్బు ముదిరిపోతుంది.

స్కాన్‌కు ఉపవాసం, ఇంజెక్షన్ అక్కర్లేదు. చేతులు తలపైకి పెట్టి కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టడం ముందే సాధన చేయించండి, కదిలితే చిత్రం చెదురుతుంది. పాత ఎక్స్‌రేలు, సీటీలు తెమ్మనండి. టీబీ మచ్చ పాతదో కాదో వాటితోనే తేలుతుంది. ఈమధ్యే నిమోనియా వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి.

2011లో వచ్చిన అమెరికా అధ్యయనంలో ఎక్స్‌రేతో పోలిస్తే ఈ సీటీ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అయితే అనుమానం వచ్చిన ఫలితాల్లో 96 శాతం క్యాన్సర్ కావు. ఈ రెండో మాట స్కాన్‌కు ముందే చెప్పాలి, రిపోర్టు చేతికొచ్చాక చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. మొదటి స్కాన్‌లో గట్టి గడ్డ 6 మి.మీ. లోపుంటే ఏడాదికి, 6–8 అయితే 6 నెలలకు, 8–15 అయితే 3 నెలలకు మళ్లీ సీటీ. 15, ఆపైన అయితే ఆగకుండా తదుపరి పరీక్షలు. రిజిస్టర్‌లో తేదీతో పాటు రెండు ఫోన్ నంబర్లు రాసుకోండి. పాడేరు కొండల వైపు నుంచి వచ్చినవారి ఫోన్‌కు సిగ్నల్ దొరకకపోవచ్చు. పొగ మానాలనుకునేవారికి 1800-11-2356 ఇవ్వండి.

సూది బయాప్సీ (ఛాతీలోకి సూది గుచ్చి గడ్డ ముక్క తీసే పరీక్ష) తర్వాత గుచ్చిన వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి, మొదటి గంట 15 నిమిషాలకోసారి నాడి, బీపీ, ఆక్సిజన్ చూడండి. హఠాత్తుగా ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుకుని వెంటనే డాక్టరును పిలవండి.

కీమో మొదలైనవారి ఇంట్లో థర్మామీటర్ ఉందా అని అడగండి. 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, జ్వరం కనబడకుండా పోయినా ఇన్ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. తెల్లకణాలు బాగా పడిపోయేది సాధారణంగా కీమో ఇచ్చాక 7 నుంచి 14 రోజుల మధ్య. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఘాట్ రోడ్డు దిగి రావలసినవారికి దగ్గరి ఆసుపత్రి ఏదో డిశ్చార్జి కాగితం మీదే రాసివ్వండి.

ఆయాసానికి ముందు బల్ల మీద దిండు వేసి ముందుకు వాల్చి కూర్చోబెట్టండి, ముఖానికి ఫ్యాన్ గాలి తగలనివ్వండి. సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) కూడా ఉంటే ఆక్సిజన్ 88–92 శాతం చాలు. 100 కోసం పెంచితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత వస్తుంది. నడుం నొప్పితో పాటు కాళ్లలో పట్టు తప్పుతోందన్నా, మూత్రం ఆగిపోయిందన్నా మర్నాటి రౌండ్స్ దాకా ఆగవద్దు. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో ఆ రోజే ఎంఆర్‌ఐలో చూడాలి.