బెంగళూరు ఇంట్లో పోర్ట్ వైన్ దాచుకోవాలంటే: ఏ సంవత్సరాలవి కొనాలి, ఎలా ఎంచుకోవాలి?

పోర్ట్ కొని దాచుకుందామనుకునే మిత్రులు మొదట అడిగేది ఒకటే: "ఏ ఇయర్ బాగుంటుంది?" అంటే, ద్రాక్ష ఏ సంవత్సరం కోసినదని. నేను వాళ్లని తిరిగి ఒక తేదీ అడుగుతాను. ఆ సీసా ఎప్పుడు తెరుద్దామని? వచ్చే ఏడాది పాతికేళ్ల పెళ్లిరోజుకా? అన్నయ్యకు అరవై నిండినప్పుడా? ఇప్పుడు ఉయ్యాల్లో ఉన్న పాప పాతికో పుట్టినరోజుకా? ఆ తేదీ తేలితే సంవత్సరం సగం తేలినట్టే. 2017 ఎంత గొప్ప సంవత్సరమైనా ఇవాళ తెరిస్తే వగరు నోటికి పట్టేస్తుంది. 1975 ఎంత చవగ్గా దొరికినా ఇంకో పదేళ్లు దాచడానికి పనికిరాదు. వైన్ పత్రికలిచ్చే మార్కులు మాత్రమే చూసి కొనేవాళ్లకి ఈ తేడా సీసా తెరిచాకగానీ తెలియదు.

1. దాచదగ్గ సీసా ఏదో ముందు గుర్తుపట్టండి

పోర్ట్ పోర్చుగల్ ఉత్తరాన ఉన్న డోరో లోయ వైన్. ఆ లోయకు 1756లోనే హద్దులు గీశారు. ద్రాక్షరసం సగం పులిసి, ఇంకా తీపి మిగిలి ఉండగానే 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా కలిపి పులియడం ఆపేస్తారు. అందుకే అది తియ్యగా ఉంటుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది. మన షాపుల్లో గోవా పోర్ట్ పేరుతో దొరికే తియ్యటి వైన్‌లు వేరు. వాటిని ఏళ్ల తరబడి దాచి లాభం లేదు.

డోరో పోర్ట్‌లో కూడా అన్నీ దాచేవి కావు. లేబుల్ మీద సంవత్సరం కనబడగానే సీసాలో ఏళ్ల తరబడి ముదిరే వింటేజ్ పోర్ట్ అనుకుని చాలామంది పొరబడతారు. "లేట్ బాటిల్డ్ వింటేజ్" అని ఉంటే, అంటే ఎల్‌బీవీ అయితే, అది నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలోనో తొట్టిలోనో ఉండి సీసాలోకి వచ్చింది. ఎక్కువ రకాలు కొన్న వెంటనే తాగడానికే. వడకట్టకుండా నింపినవి మాత్రం కొన్నేళ్లు నిలబడి మెరుగవుతాయి. 10, 20, 30, 40 ఏళ్లవని రాసి ఉండే టానీ రకం పోర్ట్‌లు పీపాలోనే ముదిరాయి. సీసాలో ఉంచితే ఇంకా మంచిగా అవడం ఉండదు. "కొలైటా" అని ఉంటే ఒకే సంవత్సరపు టానీ, కనీసం ఏడేళ్లు పీపాలో ఉన్నది. దాని మీద సీసాలో నింపిన సంవత్సరం కూడా రాసి ఉంటుంది, అది చూడండి.

అసలు వింటేజ్ పోర్ట్‌ని కోత అయిన రెండు మూడేళ్లకే, వడకట్టకుండా, సీసాలో నింపేస్తారు. మిగతా ముదరడమంతా మీ ఇంట్లోనే జరగాలి. ఇక్కడినుంచి ఎక్కువగా చెప్పేది దీని గురించే.

2. "డిక్లరేషన్" ఎలా జరుగుతుందో తెలుసుకోండి

ప్రతి కోతా వింటేజ్ అవదు. వైన్ బాగా వచ్చిందని నమ్మకం కుదిరితే కంపెనీ సాధారణంగా రెండో ఏడాది వసంతంలో ఆ సంవత్సరాన్ని ప్రకటిస్తుంది. పోర్చుగల్‌లో పోర్ట్ వైన్‌ని నియంత్రించే ఐవీడీపీ సంస్థ నమూనాలు రుచి చూసి ఒప్పుకోవాలి. పదేళ్లలో సుమారు మూడుసార్లు పెద్ద కంపెనీలన్నీ కలిసి ఒకే సంవత్సరాన్ని ప్రకటిస్తాయి. అలా ఏకమైన సంవత్సరాలే సురక్షితమైన కొనుగోలు. ఒక్కోసారి వాళ్లు కూడా చీలిపోతారు. డౌస్, గ్రాహమ్స్, వారెస్ 1991 ప్రకటిస్తే, టేలర్స్, ఫొన్సెకా 1992ని ఎంచుకున్నాయి. రెండూ మంచివే, పక్కపక్క కంపెనీల నుంచి వేర్వేరు సంవత్సరాలు కనిపిస్తే కంగారు పడకండి.

అందరూ ప్రకటించినంత మాత్రాన గొప్పదని కూడా కాదు. 1975ని చాలా కంపెనీలు ప్రకటించాయి, వైన్ పలచగా వచ్చి తొందరగా ముసలిదైంది. 1985నీ దాదాపు అందరూ ప్రకటించారు, సీసా సీసాకీ తేడా ఉంటుంది. ఆ సంవత్సరం కొంటే ఫొన్సెకా, గ్రాహమ్స్ లాంటి పేర్లకే పరిమితమవండి.

3. మీ తేదీకి సరిపడే సంవత్సరం పట్టుకోండి

వింటేజ్ పోర్ట్ సీసాలోకి వచ్చిన మొదటి నాలుగైదేళ్లు నేరేడు పండు రసంలా ముదురు రంగుతో, పళ్ల వాసనతో పొంగుతుంటుంది. తర్వాత ముడుచుకుపోతుంది. వాసన తగ్గుతుంది, వగరు ముందుకొస్తుంది. మళ్లీ విచ్చుకోవడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. మధ్యలో తెరిస్తే డబ్బు దండగ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింద చెప్పేదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

*ఈ రెండు మూడేళ్లలో తెరవాలంటే:* 1994, 1997, 2000 చూడండి. 1994 వీటిలో పెద్దది. ఆ ఏడాది టేలర్స్, ఫొన్సెకా రెండింటికీ వైన్ స్పెక్టేటర్ పత్రిక వందకి వంద ఇచ్చి, 1997లో ఆ రెండింటినీ కలిపి ఆ ఏటి మేటి వైన్‌గా ఎంచింది. ధర కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది. నన్నడిగితే 2000 తెలివైన కొనుగోలు. ఆ ఏడు దిగుబడి తక్కువ, వైన్ చిక్కన, ఇప్పుడిప్పుడే విచ్చుకుంటోంది, తొందరేమీ లేదు. 2003 యూరప్ అంతా వడగాడ్పులతో ఉడికిన ఏడాది. అందుకే పండిన పండు రుచి బాగా ఉంటుంది, ఇష్టపడేవాళ్లు ఇప్పుడే తెరవొచ్చు.

*పదేళ్ల తర్వాతకి:* 2007, 2011. 2007లో వేసవి చల్లగా గడిచింది, వైన్‌లో ఒక తాజాదనం ఉంటుంది. 2011 దానికన్నా బలమైనది. డౌస్ 2011ని వైన్ స్పెక్టేటర్ 2014లో ఆ ఏటి మేటి వైన్ అంది. అప్పటినుంచి అందరూ దాని వెంటే పడ్డారు. అదే సంవత్సరం మిగతా కంపెనీలవీ బ్రహ్మాండంగా ఉన్నాయి, ధర తక్కువకి దొరికినవి తీసుకోండి.

*ఇరవై ఏళ్లు, ఆపైన:* 2016, 2017. పెద్ద కంపెనీలు వరసగా రెండేళ్లు ఇలా ఏకమై ప్రకటించడం అరుదు. 2017 బాగా ఎండగా, వానల్లేకుండా గడిచి, కోత ఎన్నడూ లేనంత ముందుగా ఆగస్టులోనే మొదలైంది. వైన్ చిక్కగా, కండగా వచ్చింది. 2016లో వసంతంలో వానలు పడ్డాయి, తర్వాత ఎండలు కాశాయి, సెప్టెంబరు మధ్యలో కురిసిన వాన కాయని కుదుటపరిచింది. ఆ వాన దాకా కోతకి ఆగినవాళ్ల వైన్‌లో బలం, సున్నితం రెండూ ఉన్నాయి. రెండింటిలో ఒకటే కొనగలిగితే నేను 2016 కొంటాను.

పాతవాటి గురించి ఒక మాట. 1963, 1966, 1970, 1977 పేరున్న సంవత్సరాలు. 1966 సెప్టెంబరులో కోసిన ద్రాక్ష మన లెక్కలో పరాభవ నామ సంవత్సరానిది, 2026 ఉగాదికి మళ్లీ అదే పేరు. ఆ ఏడాది పుట్టినవాళ్ల షష్టిపూర్తికి పూజలు, భోజనాలు అయిపోయాక, మర్నాడు సాయంత్రం స్నేహితుల మధ్య తెరవడానికి అంతకన్నా తగిన సీసా నాకు తోచదు. కానీ ఇలాంటివి కొనేది తెరవడానికే, దాచడానికి కాదు. అరవై ఏళ్లు చల్లటి నేలమాళిగలో ఉన్నదాన్ని మన ఎండల్లో ఇంకా నిలవుంచితే దాని ఆయుష్షు మనమే తగ్గించినవాళ్లమవుతాం.

4. తోటల పేర్లు మరిచిపోకండి

జేబుకి భారం కాకుండా మంచి పోర్ట్ తాగాలంటే నేను చూపించే దారి ఇదే. అందరూ ప్రకటించని సంవత్సరాల్లో పెద్ద కంపెనీలు తమ మేలైన తోట ఒక్కదాని ద్రాక్షతో ఆ తోట పేరు మీదే వింటేజ్ చేస్తాయి. టేలర్స్‌కి వార్గెలస్, గ్రాహమ్స్‌కి మల్వెడోస్, డౌస్‌కి సెన్యోరా ద రిబెయిరా, వారెస్‌కి కవడిన్యా. మంచి సంవత్సరంలో పెద్ద సీసాకి ప్రాణం పోసేది ఈ తోటల ద్రాక్షే. ఇవి కాస్త ముందుగా తాగడానికొస్తాయి, ధర చాలా తక్కువ. 1995, 1998, 2001, 2004, 2005ల వార్గెలస్ గానీ మల్వెడోస్ గానీ కనబడితే వదలకండి. 2012, 2015వి ఇంకొన్నేళ్లు పక్కన పెట్టండి.

పిల్లల పుట్టిన సంవత్సరం దగ్గర కూడా ఇవే ఆదుకుంటాయి. పాప 2004లో పుడితే పెద్ద డిక్లరేషన్ లేదని దిగులు అక్కర్లేదు, ఆ ఏటి తోట సీసా ఉంటుంది. అదీ లేకపోతే కొలైటా వెతకండి. పుట్టిన ఏడు ఎంత సాధారణమైనదైనా ఎవరో ఒకరి దగ్గర ఆ ఏటి కొలైటా ఉండే అవకాశం ఎక్కువ.

5. కొనేముందే చోటు సిద్ధం చేయండి

వింటేజ్ పోర్ట్‌కి 12 నుంచి 14 డిగ్రీలు కావాలి, అదీ ఏడాది పొడవునా. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉందని మురిసిపోతాం గానీ ఏప్రిల్‌లో పై అంతస్తు ఫ్లాట్‌లో థర్మామీటర్ పెట్టి చూడండి, ముప్పై దాటుతుంది. చెన్నైలో ఇక చెప్పక్కర్లేదు. వేడికి వైన్ వ్యాకోచించి బిరడాని పైకి తోస్తుంది, చల్లబడ్డప్పుడు గాలి లోపలికి పోతుంది. కొన్ని వేసవులు ఇలా గడిస్తే వైన్ ఉడికిన వాసన వేస్తుంది. అటక అన్నిటికంటే చెడ్డ చోటు, ఇంటి వేడంతా అక్కడికే చేరుతుంది.

కాబట్టి ఒక వైన్ ఫ్రిజ్ కొనండి, కంప్రెసర్ ఉన్నదే కొనండి. థర్మోఎలక్ట్రిక్ రకం చప్పుడు లేకుండా, చవగ్గా ఉంటుంది, కానీ అది బయటి వేడి కన్నా కొన్ని డిగ్రీలే తగ్గించగలదు. గది 34 ఉన్నప్పుడు అది 13కి దిగడం కష్టం. లోపల విడిగా ఒక చిన్న థర్మామీటర్ పెట్టి, ఫ్రిజ్ చూపించే అంకెతో పోల్చుకోండి. కరెంటు పోయినప్పుడు అది మీ ఇన్వర్టర్ మీద నడుస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌ని ముందే అడగండి. నడవకపోతే తలుపు తీయకుండా ఉంటే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది.

వింటేజ్ సీసాలని పడుకోబెట్టాలి, బిరడా తడిగా ఉండాలి. పాత సీసాల మీద ఒక పక్క తెల్లసున్నం చుక్కలాంటి గుర్తు ఉంటే, ఆ పక్క పైకి రావాలి. మొదటినుంచీ అలాగే ఉంచారు గనుక మడ్డి కిందివైపు పేరుకుని ఉంటుంది. టానీలని నిలబెట్టే ఉంచొచ్చు.

ఇంట్లో ఎంత మద్యం ఉంచుకోవచ్చన్నదానికి రాష్ట్ర ఎక్సైజ్ నియమాల్లో పరిమితి ఉంది. డజన్ల లెక్కన కొనేముందు అది తప్పకుండా కనుక్కోండి.

లండన్‌లో అమ్మాయో అబ్బాయో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. అక్కడి వైన్ వ్యాపారులు తమ గోదాముల్లోనే ఏడాదికింత అద్దె తీసుకుని దాచిపెడతారు. 2016, 2017 లాంటి ఇరవై ఏళ్ల సీసాలకి ఇది మన ఫ్రిజ్ కన్నా మేలు. తాగే ఏడు దగ్గరపడ్డాక తెచ్చుకోవచ్చు.

6. తెచ్చుకోవడం, చూసి తీసుకోవడం

మన దేశంలోకి వచ్చే వయోజన ప్రయాణికులు తలా 2 లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు, 375 మిల్లీలీటర్ల అరసీసా ఒకటి కలిపితే 1,875 మిల్లీలీటర్లు, సరిగ్గా పరిమితి లోపల. ఆ అరసీసాని చిన్నచూపు చూడకండి. అది పెద్ద సీసా కన్నా ముందే ముదురుతుంది, మీ సంవత్సరం ఎంతదాకా వచ్చిందో దాన్ని తెరిచి చూస్తే తెలుస్తుంది.

కొనేటప్పుడు సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. వైన్ మెడలోకి ఉండాలి. నలభై ఏళ్లది మెడ కింది వంపు దాకా దిగినా ఫరవాలేదు, ఇరవై ఏళ్లది అలా ఉంటే వద్దు. పై రేకు చుట్టూ వేలు పోనిచ్చి చూడండి. జిగురుగా తగిలినా, బిరడా ఉబ్బి రేకుని తోస్తున్నా కారిందన్నమాట. లేబుల్ చిరిగినా, మరకలున్నా పట్టించుకోకండి, చెమ్మ ఉన్న మంచి మాళిగలో లేబుళ్లు అలాగే అవుతాయి. ఇన్నాళ్లూ ఎక్కడ ఉంచారని అమ్మేవాళ్లని సూటిగా అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఎంత గొప్ప సంవత్సరమైనా వదిలేయండి.

ఏ కంపెనీదన్నది మీ నోటి రుచి. డౌస్‌లో తీపి కాస్త తక్కువ, గ్రాహమ్స్‌లో ఎక్కువ, టేలర్స్ బిగువుగా నెమ్మదిగా ముదురుతుంది, ఫొన్సెకా నిండుగా పళ్ల రుచితో ఉంటుంది. నా మొగ్గు ఫొన్సెకా వైపు.

మొదటిసారి కొనేవాళ్లు పది సంవత్సరాలవి తలా ఒకటి కొనడం కన్నా, రెండు సంవత్సరాలవి మూడేసి కొనడం మంచిది. తోట సీసాలు మూడు ఇప్పటికి, 2011వి మూడు తర్వాతకి. ఒకే వైన్‌ని నాలుగైదేళ్ల ఎడంతో తెరిస్తే అది ఎలా మారుతోందో మీ నాలుకకే తెలుస్తుంది.

7. తెరిచే రోజు

సీసాని రెండు రోజుల ముందు ఫ్రిజ్‌లోంచి తీసి నిలబెట్టండి. విమానంలో వచ్చిన పాత సీసా అయితే కొన్ని వారాలు కదపకుండా ఉంచాకే ఆ పని చేయండి. బిరడా మెత్తబడి విరిగితే కంగారు పడొద్దు, ముక్కలు పలచటి మల్లుగుడ్డలో ఆగిపోతాయి. సీసా మెడ వెనక ఫోన్ టార్చి వెలిగించి ఉంచి, గాజు కూజాలోకి ఒక్క ధారగా, చెయ్యి ఆపకుండా వంచండి. మెడలోకి నల్లటి మడ్డి దారంలా రావడం కనబడగానే ఆపేయండి. ముప్పై ఏళ్లు దాటినదాన్ని తాగే గంట ముందు, చిన్నదాన్ని మూడు నాలుగు గంటల ముందు ఇలా వంచిపెట్టుకోవాలి. మన గది వేడికి అది త్వరగా వేడెక్కుతుంది, కూజాని వడ్డించే ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి, 16 నుంచి 18 డిగ్రీలు బాగుంటుంది. వింటేజ్ పక్కన ఘాటైన నీలి చీజ్ గానీ, తీపి తక్కువ ఉన్న నల్ల చాక్లెట్ గానీ పెట్టండి. వేయించిన జీడిపప్పు, అరిసెలు టానీకి బాగా కుదురుతాయి.

తెరిచాక వింటేజ్ రెండు మూడు రోజులే ఉంటుంది, ఎల్‌బీవీ వారం దాకా, టానీ ఫ్రిజ్‌లో నెల పైన. ఒక సీసాకి చిన్న గ్లాసులు పది వస్తాయి, కాబట్టి ఇంట్లో ఇద్దరే ఉన్న రాత్రి వింటేజ్ తీయకండి, ఆ రోజుకి టానీ పోసుకోండి.