నేపథ్య వికిరణంతో విశ్వం వంపును కొలవడం ఎలా?

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ విశ్వశాస్త్రం మీద ఆసక్తి పెంచుకున్న తెలుగువారు, విశ్వం చదునుగా ఉందో వంగి ఉందో ఇంట్లోని ల్యాప్‌టాప్‌తోనే పరీక్షించి చూడవచ్చు. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 ఏళ్లకు బయలుదేరిన కాంతి, నేడు 2.725 కెల్విన్ల ఉష్ణోగ్రత గల నేపథ్య వికిరణంగా అన్ని దిక్కుల నుంచీ చేరుతోంది. దాని ఉష్ణోగ్రతలో లక్షో వంతు స్థాయిలో హెచ్చుతగ్గులున్నాయి; ఆకాశ పటంలో అవి మచ్చల్లా కనిపిస్తాయి. ఆనాటి వేడి ప్లాస్మాలో ధ్వని తరంగాలు ఎంత దూరం సాగి ఉంటాయో లెక్కకట్టవచ్చు కనుక, ఆ మచ్చల అసలు పరిమాణం మనకు తెలిసినట్టే. చదునైన విశ్వంలో అవి సుమారు ఒక డిగ్రీ మేర, అంటే డాబా మీద నుంచి కనిపించే పున్నమి చంద్రబింబాలు రెండు పక్కపక్కన ఉన్నంత వెడల్పున కనిపించాలి. విశ్వం వంగి ఉంటే ఆ వెడల్పు మారుతుంది.

ముందుగా ఈ వికిరణాన్ని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహపు 2018 స్మికా పటాన్ని (పాలపుంత వంటివాటి ఉద్గారాలను వేరుచేసి తయారుచేసిన ఆకాశ పటం), మాస్క్‌ను (నమ్మదగని ప్రాంతాలను కప్పేసే పటం) దించుకుని, పైథాన్‌లో హీల్‌పై (healpy) లైబ్రరీతో తెరిచి, రెండింటి ఎన్‌సైడ్‌నూ (పటం ఎంత సూక్ష్మంగా ఉందో చెప్పే సంఖ్య) 2048 నుంచి 512కు తగ్గించండి. స్పెక్ట్రమ్‌లో, అంటే ఏ పరిమాణపు మచ్చల్లో హెచ్చుతగ్గులు ఎంత బలంగా ఉన్నాయో చూపే గ్రాఫులో, మొదటి మూడు శిఖరాలకు అది చాలు. మాస్క్ వేయకపోతే పాలపుంత ధూళి మిగుళ్లు కూడా లెక్కలో కలుస్తాయి. ఆ తరువాత సగటును, డైపోల్‌ను (ఆకాశంలో ఒక వైపు కాస్త వేడిగా, ఎదురు వైపు చల్లగా ఉండే తేడా) తీసివేసి, హీల్‌పైలోని అనాఫాస్ట్ ఫంక్షన్ నడిపి, వచ్చిన స్పెక్ట్రమ్‌ను మాస్క్ విలువల వర్గాల సగటుతో భాగించాలి. పటం కెల్విన్లలో ఉంటుంది. దాన్ని మైక్రోకెల్విన్లలోకి మార్చడం మరిచిపోతే నిలువు అక్షం లక్ష కోట్ల రెట్లు తప్పుతుంది. అన్నీ సరిగ్గా కుదిరితే మొదటి శిఖరం మల్టీపోల్ (ఇది పెరిగేకొద్దీ మచ్చలు చిన్నవని అర్థం) 220 దగ్గర లేస్తుంది.

ఇక సిద్ధాంతం ప్రకారం ఇలాంటి స్పెక్ట్రమ్‌ను లెక్కకట్టే క్యాంబ్ (CAMB) ప్రోగ్రామ్‌లో మిగతావన్నీ మార్చకుండా వక్రత విలువను మాత్రం 0.1, సున్నా, −0.1గా పెట్టి చూడండి. వివృత విశ్వంలో (జీనులా వంగినది, వక్రత 0.1) శిఖరం కుడికి, సంవృత విశ్వంలో (గోళంలా వంగినది, వక్రత −0.1) ఎడమకు జరుగుతుంది. అంతటితో విశ్వం చదునని తేల్చేయడం మాత్రం తొందరపాటే. వక్రతను −0.044గా, హబుల్ స్థిరాంకాన్ని (విశ్వం నేడు విస్తరిస్తున్న రేటు) 54గా మార్చి, బేరియాన్ (మామూలు పదార్థం), కృష్ణపదార్థ సాంద్రతలను అలాగే ఉంచితే, శిఖరం దాదాపు పాత చోటికే తిరిగి వస్తుంది. నిజానికి ప్లాంక్ ఉష్ణోగ్రత, ధ్రువణ స్పెక్ట్రమ్‌లు ఒంటరిగా మొగ్గింది ఆ సంవృత విశ్వం వైపే. గెలాక్సీల పంపిణీలో కనిపించే బేరియాన్ ధ్వని తరంగాల కొలతను, గురుత్వ కటక ప్రభావాన్ని (దారిలోని పదార్థం ఈ కాంతిని వంచడం) కలిపాకే వక్రత 0.0007 ± 0.0019కు, అంటే సున్నాకు సరిపడే విలువకు చేరింది. కాబట్టి మీ గ్రాఫు పక్కన హబుల్ స్థిరాంకానికి ఏ విలువ వాడారో తప్పక రాసి ఉంచండి.